మందును కొలుచుటకు వేపాకు

మారతహళ్ళిలోని మన యిండ్లలో మధుమేహముగల పెద్దలు వ్రేలికొననుండి రక్తపుబొట్టు తీసి, చిన్నపట్టీకి తాకించి, యంత్రములో అంకె చూచుకొనుట మీరెరుగుదురు. ఆ పట్టీయే విద్యుద్రసాయనిక జీవసంవేదకము. దానిమీది ఎంజైము రక్తములోని గ్లూకోజును ఆక్సీకరించును. అప్పుడు విడివడిన ఎలక్ట్రానులు సన్నని విద్యుత్ప్రవాహమగును. చక్కెర హెచ్చినకొలది ప్రవాహము హెచ్చును. 1962లో లేలండ్ క్లార్కు, ఛాంప్ లయన్సు అను వారు ఈ త్రోవ చూపిరి. ఇట్లే క్యాన్సరు మందును గూడ కొలువవచ్చునా యని నేడు విచారింతము.

మందును కొలువవలసిన పని యేమి? భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పనిచేయుచుండగా, ఆయన బృందము ఫోలికామ్లమును పోలిన అమినోప్టెరిన్ అను మందును తయారుచేసెను. దానిని రక్తక్యాన్సరుగల 16 మంది పిల్లల కిచ్చి, 10 మందికి కొంతకాలము గుణము కనబడినదని బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు 1948లో ప్రకటించెను. దాని తోబుట్టువే నేటికిని వాడుకలోనున్న మెథోట్రెక్సేటు. కణవిభజనకు కావలసిన ఒక ఎంజైములో, తాళములో విరిగిన చెవివలె, ఇది చిక్కుకొనును. అయితే దీనికి శత్రుమిత్ర భేదము లేదు. ఎముకమూలుగను, నోటిలోని పొరనుగూడ దెబ్బతీయును. కావుననే పెద్దమోతాదు ఇచ్చిన పిమ్మట లూకోవొరిన్ అను విరుగుడు నిచ్చుచు, రక్తములో మందు లీటరుకు సుమారు 45 మైక్రోగ్రాములకు దిగువకు పోవువరకు వైద్యులు కనిపెట్టి చూతురు. అనగా గ్రాములో 22,000వ వంతు! మూత్రపిండములు మందగించిన రోగికి ఈ కొలత ప్రాణముతో సమానము. నేడు దీనిని ఆసుపత్రులలో పెద్ద యంత్రములపై చూచుచున్నారు. పట్టీవంటి సాధనమైనచో రోగి మంచముచెంతనే కొలువవచ్చును.

ఇంత స్వల్పమైన మందు ఇచ్చెడి ప్రవాహము మిక్కిలి స్వల్పము. కావున విద్యుద్ధ్వారముపై వెండి, బంగారముల సూక్ష్మకణములను పూయుదురు. వానివలన తలము విస్తరించును, ఎలక్ట్రానులు సులభముగా దాటును. ఆ కణముల తయారీకి తీవ్రమైన రసాయనములు వాడుట కలదు. అవి లేకుండ ఆకురసముతో చేయుటయే హరిత సంశ్లేషణము. పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలవారు 2004లో వేపాకు కషాయముతో వెండి బంగారు కణములు చేసి ప్రకటించిరి. మనము ఉగాదిపచ్చడిలో పువ్వు వేసికొను వేపయే, మన కన్నడ సోదరులు బెల్లముతో తిను బేవు! ఆకులను నీట కాచి, వడకట్టి, సిల్వర్ నైట్రేటు ద్రావణమున కలిపినచో ఆకులోని పదార్థములు వెండి అయానులకు ఎలక్ట్రానుల నిచ్చును. ద్రావణము పసుపై, క్రమముగా గోధుమరంగు తేరును. (ఆ ద్రావణము చర్మముపై నల్లని మచ్చలు చేయును. ఉపాధ్యాయుడు లేనిదే ముట్టరాదు.)

ఇంతటితో పని తీరలేదు. రక్తములోని యూరికామ్లము, సి విటమినుగూడ విద్యుద్ధ్వారమున ఎలక్ట్రానుల నిచ్చును. యంత్రము వానినిగూడ మందని భ్రమించును. అందుచే మెథోట్రెక్సేటును పట్టుకొను ప్రతిరక్షకమునో, అది చిక్కుకొను ఆ ఎంజైమునే యో పైపూతగా నిలుపుటకు ప్రయత్నములు జరుగుచున్నవి. మా దృష్టిలో అసలు చిక్కు ఆకుదే. చైత్రపు చిగురును, కార్తికపు ముదురాకును ఒకేతీరు కణముల నిచ్చునని నమ్మరాదు. వేరువేరు దినములలో చేసిన రెండు పట్టీలు ఒకే రక్తపుబొట్టునకు ఒకే అంకె చూపవలెను. అట్లు చూపువరకు వైద్యుడు దానిని నమ్మి విరుగుడు మానుపజాలడు.