సింగరేణి సోషలిజమేనా?

ప్రశ్న: సింగరేణి బొగ్గు గనుల సంస్థ ప్రభుత్వానిది. లాభాల్లో కార్మికులకు వాటా కూడా ఇస్తున్నారు. దీన్ని సోషలిజం అనవచ్చా?
- ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: తొందరపడకండి. గని, పొలం, ఫ్యాక్టరీ వంటి ఉత్పత్తి సాధనాలు కొందరి సొత్తుగా కాక సమాజం చేతిలో ఉండాలన్నది సోషలిజంలో మొదటి మాట. సింగరేణి అంతవరకూ వచ్చినట్టే కనిపిస్తుంది. ఇప్పుడు అందులో 51 శాతం తెలంగాణది, 49 శాతం కేంద్రానిది. కానీ 1945లో మెజారిటీ వాటాలు కొన్నది నిజాం ప్రభుత్వం. నిజాంను సోషలిస్టు అన్నవాళ్లెవరూ లేరు! సర్కారు కొన్నంత మాత్రాన సరిపోదు, పెత్తనం ఎవరిదో చూడాలి.

పెట్టుబడిదారీ విధానంలో కార్మికుడు తన శ్రమశక్తిని అమ్ముకుంటాడు. అతను సృష్టించిన విలువలో కూలి పోగా మిగిలేది యజమానిది. మార్క్స్ దీన్నే అదనపు విలువ అన్నాడు. ఆ మిగులును ఎక్కడ పెట్టాలో కూడా యజమానే తేలుస్తాడు, లాభం వచ్చే చోటే పెడతాడు. ఏది, ఎంత, ఎవరి అవసరానికి తయారు చేయాలో పనిచేసేవాళ్లూ ప్రజలూ కలిసి తేల్చుకోవాలని సోషలిస్టులు అంటారు.

కానీ సింగరేణిలో కార్మికులకిచ్చే లాభాల వాటా ఎంతో హైదరాబాదులో ప్రకటిస్తారు. 2024లో దసరా ముందు పర్మనెంట్ కార్మికుడికి సగటున 1.90 లక్షల రూపాయలు ప్రకటించారు. కాంట్రాక్టు కార్మికుడికి 5,000. అదీ మొదటిసారి! ఒకే సంస్థకు పనిచేసేవాళ్ల మధ్య ఇంత తేడా ఉంటే సోషలిజం అనడానికి నాకు నోరు రాదు. అలాగని ప్రైవేటు గనితో సమానమనీ అనను. ఇక్కడ డివిడెండ్ ఖజానాకు వెళ్తుంది, అసెంబ్లీలో లెక్క అడగవచ్చు.

ప్రశ్న: సోషలిజం వస్తే ఇల్లూ స్కూటరూ లాక్కుంటారని మా మామయ్య అంటారు. నిజమేనా?
- ఒక విద్యార్థిని, ఏలూరు

జవాబు: సిద్ధాంతం ప్రకారం కాదమ్మా. మీరుండే ఇల్లు, నడిపే స్కూటరు సొంత వాడకానివి. సోషలిస్టుల పేచీ ఇతరుల శ్రమ మీద ఆదాయం తెచ్చే ఆస్తితోనే. అయితే మీ మామయ్యగారి భయాన్ని కొట్టిపారేయకండి. 1929 తర్వాత సోవియట్ యూనియన్‌లో స్టాలిన్ ప్రభుత్వం సమష్టి సేద్యం పేరుతో రైతుల భూమినే కాదు, గొడ్డూగోదనూ బలవంతంగా కలిపేసింది. దాని వెంట వచ్చిన 1932-33 కరువులో ఉక్రెయిన్‌లోనే లక్షల మంది ఆకలితో చచ్చిపోయారు. ఆ పని చేసినవాళ్లూ తమను సోషలిస్టులమనే చెప్పుకున్నారు.

ప్రశ్న: సోషలిజంలో అందరికీ ఒకే జీతమా?
- మరో పాఠకుడు, కర్నూలు

జవాబు: కాదు. తొలి దశలో చేసిన పనిని బట్టి, ఆ పై దశలో అవసరాన్ని బట్టి అని 1875లోనే మార్క్స్ రాశాడు. సోవియట్ ఫ్యాక్టరీల్లోనూ పీస్ రేటు, అంటే తయారు చేసిన వస్తువుల లెక్కన కూలి, నడిచింది.