దీవిలో ఇల్లు ఎక్కడ కట్టుకోవాలి?

మారిషస్ అనే చిన్న ద్వీపదేశం హిందూ మహాసముద్రంలో, మడగాస్కర్‌కు తూర్పున ఉంది. దాని ముఖ్య దీవి పొడవు సుమారు 65 కి.మీ., వెడల్పు 45 కి.మీ. మాత్రమే. 19వ శతాబ్దంలో కోరంగి రేవు నుంచి ఓడలెక్కి అక్కడి చెరకు తోటల్లో పనికి వెళ్ళిన తెలుగువారి సంతతి ఇప్పటికీ అక్కడ ఉంది. ఇంత చిన్న దేశంలో ఎక్కడ ఉంటేనేం అనుకుంటున్నారా? అయితే రెండు ఊళ్ళను పోల్చి చూడండి.

పోర్ట్ లూయీ రాజధాని. పడమటి తీరాన ఉన్న రేవు పట్నం. క్యూర్‌పిప్ దీవి నడుమ ఉన్న పీఠభూమి మీద, సముద్ర మట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తున ఉంది. నేరుగా కొలిస్తే రెండింటి మధ్య దూరం 20 కి.మీ. కూడా లేదు. కాని వాతావరణం మాత్రం వేరు.

ఎందుకో తెలుసా? ఆ దీవి మీదికి ఏడాదిలో ఎక్కువ కాలం ఆగ్నేయ వ్యాపార పవనాలు వీస్తాయి. సముద్రపు తేమను మోసుకొచ్చే ఆ గాలి పీఠభూమి తగలగానే పైకి లేస్తుంది. పైకి పోయినకొద్దీ చల్లబడుతుంది. అందులోని ఆవిరి నీరై కురుస్తుంది. అందువల్ల పీఠభూమి మీద ఏటా 400 సెం.మీ. వరకు వాన పడే చోట్లున్నాయి. తేమ పోగొట్టుకున్న గాలి పడమటికి దిగుతూ వేడెక్కుతుంది. అక్కడ తీరంలో వాన 100 సెం.మీ. కన్నా తక్కువే. దీనినే వర్షచ్ఛాయ అంటారు. మన రాయలసీమకు వాన కరువు కావడానికి పడమటి కనుమల వర్షచ్ఛాయ కూడా ఒక కారణం.

ఇక ఒక చిన్న లెక్క. 100 మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సగటున 0.65 డిగ్రీలు తగ్గుతుంది. మరి 550 మీటర్లకు? సుమారు 3½ డిగ్రీలు. ఈ కాస్త తేడా ఒకప్పుడు ప్రాణాలకు సంబంధించిన విషయమైంది.

1860లలో ఆ దీవిలో మలేరియా చెలరేగింది. 1867లో పోర్ట్ లూయీలోను, పల్లపు తీరాల్లోను వేలాదిమంది చనిపోయారు. స్తోమత ఉన్నవారు క్యూర్‌పిప్ వైపు తరలిపోయారు. 1865లో వేసిన రైలుమార్గం ఉండటం వల్ల పైన కాపురం, కింద ఉద్యోగం సాధ్యమైంది. చెరకు తోటల కూలీలకు మాత్రం ఎన్నుకునే వీలు లేదు. పని ఉన్నచోటే ఉండాలి.

చెడు గాలి వల్ల జ్వరం వస్తుందని అప్పటివారి నమ్మకం. చోటును సరిగానే ఎంచుకున్నారు, కారణం మాత్రం తప్పు. అసలు కారణం తెలియడానికి మరో 30 ఏళ్ళు పట్టింది. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ క్రిమి దోమ ఒంట్లో కొన్నాళ్ళు ఎదిగితేనే మనిషికి సోకుతుంది. చలి పెరిగేకొద్దీ ఆ ఎదుగుదల మందగిస్తుంది. అది పూర్తికాక ముందే చాలా దోమల ఆయువు తీరిపోతుంది. ఎత్తు ప్రదేశాలు కాపాడింది ఇందుకే!

1907–08లో రాస్ స్వయంగా మారిషస్ వెళ్ళి, నీటి మడుగుల్లో దోమలు పెరగకుండా చేయమని సలహా ఇచ్చాడు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అక్కడ డి.డి.టి. చల్లారు. 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ దేశాన్ని మలేరియా లేని దేశంగా గుర్తించింది. 1975లో జ్వరం మళ్ళీ తలెత్తింది. 1990ల చివరికి దానినీ అణచారు.

ఫలితం ఏమిటి? తీరానికి ఆ భయం తొలగింది. ఇప్పుడు ఎండ, సముద్రం కావాలనేవారు పడమటి తీరాన్ని, చల్లదనం కావాలనేవారు పీఠభూమిని కోరుకుంటారు. తుపానుల బెడద మాత్రం ఇద్దరికీ ఉంది. కారణం తెలియనంత కాలం మనిషి చోటు వదిలి పారిపోయాడు. కారణం తెలిశాక ఆ చోటునే బాగుచేసుకున్నాడు.

మీరూ ప్రయత్నించండి. మీ జిల్లా పటం తీసుకొని కొండలు, పల్లాలు, చెరువులు గుర్తించండి. గాలి ఏ కాలంలో ఎటునుంచి వీస్తుందో పెద్దలను అడగండి. కొత్తగా ఊరు కట్టాలంటే ఎక్కడ కడతారు? మీరు ఎంచుకున్న చోటుకు మూడు కారణాలు రాయండి. అక్కడున్న ఒక లోపాన్ని కూడా రాసి, దానిని ఎలా సరిదిద్దుతారో ఆలోచించండి.