నూటికి మూడు రూపాయలు

ధనమును వృథాచేయుట యన్నంతనే మనకు జూదము, త్రాగుడు, ఆడంబరపు పెండ్లిండ్లు జ్ఞప్తికి వచ్చును. ఇవి కంటికి కనబడు దోషములు గనుక ఊరివారైనను మందలింతురు. కాని చేనిగట్టునకు ఎండ్రకాయ బొరియ పడినప్పుడు నీరెట్లు చప్పుడు లేక పోవునో, అట్లే రైతు సొమ్ము ఎవ్వరికిని కనబడకుండ పోవు మార్గములు కొన్ని కలవు. అందు ముఖ్యమైనది పంటఋణపు వాయిదాను దాటవిడుచుట. దీనిని గూర్చి యీ మాసమున సభ్యులకు మనవి చేయగోరుచున్నాము.

మొదట లెక్క చూతము. పంటఋణములపై కేంద్రప్రభుత్వపు వడ్డీ రాయితీ పథకము 2006-07లో నారంభమైనది. 2025-26 సంవత్సరపు నియమముల ప్రకారము, కిసాన్ క్రెడిట్ కార్డుపై 3 లక్షల రూపాయల వరకు తీసికొను స్వల్పకాలిక పంటఋణమునకు వడ్డీ సాలుకు నూటికి 7 రూపాయలు. వాయిదాలోపల చెల్లించిన రైతునకు ఇంకను 3 రూపాయలు తగ్గింపబడును. అనగా నతనికి పడునది నూటికి 4 రూపాయలు మాత్రమే.

లక్ష రూపాయలు ఏడాదికి తీసికొన్న యిద్దరు సభ్యుల నూహింతము. ఒకడు వాయిదాకు ముందురోజున చెల్లించెను. అతని వడ్డీ ఇంచుమించు 4,000 రూపాయలు. రెండవవాడు వాయిదా గడచిన వారమునకు చెల్లించెను. అతడు 7,000 రూపాయలు చెల్లించుటయేకాక, గడువు దాటిన దినములకు రాయితీలేని వడ్డీని గూడ భరింపవలెను. ఏడు దినముల యాలస్యమునకు మూడువేల రూపాయలు! దినమునకు నాలుగువందల పైచిలుకు. లక్ష రూపాయలపై ఇంత వడ్డీ యడిగిన షావుకారును మనము ఊరిలో నిలువనిత్తుమా?

చేతిలో సొమ్ము లేకయే ఆ రెండవవాడు ఆలస్యము చేసెనా యన్నచో, పెక్కుసార్లు కాదు. పంట యమ్మిననాడు సొమ్ముండెను. “వాయిదాకింక నాలుగు నెలలున్నవి గదా” యని ఇంటికి క్రొత్త వసారా, కుమారునకు మోటారుసైకిలు, శుభకార్యమునకు మరి రెండువందల విస్తళ్లు. వాయిదా సమీపించునప్పటికి పెట్టె ఖాళీ. అప్పుడు షావుకారు వద్ద నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చి సంఘమునకు కట్టి, క్రొత్త ఋణము రాగానే తీర్తునని కొందరు తలంతురు. క్రొత్త ఋణము పదునైదు దినములలో వచ్చినను వేయి రూపాయలు పోయినట్లే. నెలన్నర పట్టినచో రాయితీవలన మిగిలిన మూడువేలును షావుకారు పెట్టెలో చేరును.

సహకారోద్యమమునకు పునాదులు వేసినవారు ఈ సంగతిని మొదటనే గుర్తించిరి. చెన్నరాజధానిలో వ్యవసాయ బ్యాంకులను గూర్చి విచారించిన ఫ్రెడరిక్ నికల్సన్ దొర, 1895, 1897 సంవత్సరములలో వెలువడిన తన నివేదికలో, జర్మనీ దేశమున రైఫైజన్ స్థాపించిన గ్రామసంఘముల పద్ధతిని మన దేశమునకు సూచించెను. పిదప 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. రైఫైజన్ సంఘములలో ఋణము ఏ పనికి గావలెనో విచారించియే యిచ్చెడివారు. కారణము స్పష్టమే. విత్తనమునకు, ఎరువునకు వాడిన అప్పు పంటయై తన్ను తానే తీర్చుకొనును. విందునకు వాడిన అప్పును తీర్చుటకు మరియొక అప్పు కావలెను.

పంట పోయిన రైతును మేము తప్పుపట్టుటలేదు. అది బుద్ధిహీనత గాదు, ఆపద. కాని ఆపదయందును అవకాశమును జారవిడుచుట గలదు. ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకము అమలునందున్న చోట్ల, బీమాచేసిన పైరు వడగండ్లచే చెడినయెడల 72 గంటలలోపల తెలుపవలెనని నియమము. “రేపు చూతము” అని నాలుగు దినములు గడపినవాడు, రావలసిన పరిహారమును తన చేతులతోనే పోగొట్టుకొనవచ్చును. అట్లే వాయిదాకు చెల్లింపలేనని తోచిన సభ్యుడు మొగము చాటుచేయక, గడువునకు ముందే సంఘ కార్యదర్శిని కలియవలెను. ప్రభుత్వము ప్రకృతివైపరీత్యమును ప్రకటించిన ప్రాంతములలో ఋణపు గడువును మార్చుటకు నియమములున్నవి. గడువు ముగిసిన పిదప చెప్పుకొనుట చేతులు కాలినపిమ్మట ఆకులు పట్టుకొనుటయే.

కావున సభ్యులకు మా సూచన లివి. ఋణము తెచ్చిననాడే వాయిదా తేదీని గోడమీది క్యాలెండరులో ఇంటివారందరకు కనబడునట్లు వ్రాయవలెను. పంట యమ్మిన సొమ్ములో మొదట సంఘపు భాగమును వేరుచేసి, మిగిలినదే తమదని యెంచవలెను. సంఘమునకు కట్టిన ప్రతిసారి రశీదు పుచ్చుకొని, పాసుపుస్తకములో జమ వ్రాయించుకొనవలెను. ధర పడియున్నప్పుడు తొందరపడి కల్లములోనే యమ్మనక్కరలేదు. కిసాన్ క్రెడిట్ కార్డుగల చిన్న, సన్నకారు రైతులు గుర్తింపుపొందిన గిడ్డంగిలో సరకుంచి, ఆ రశీదుపై పంటకోతల పిదప ఆరునెలల వరకు రాయితీవడ్డీకి ఋణము పొందవచ్చును.

మూడువేల రూపాయలు స్వల్పమని కొందరనవచ్చును. పది సంవత్సరములు వరుసగా వాయిదా తప్పినవాడు ముప్పదివేలు నష్టపోవును. అది ఒక పాడిగేదెకో, చేనికి నీటిగొట్టములకో పనికివచ్చెడి సొమ్ము. తమ ఋణపు వాయిదా యెన్నడో ఇప్పుడే చెప్పజాలని సభ్యులు, ఈ పత్రికను ముగించినవెంటనే పాసుపుస్తకమును తెరచి చూతురుగాక యని కోరుచున్నాము.