పాలపిట్టను చూద్దాం

వానలు తగ్గాయి. చేను గట్ల మీద తంగేడు, గునుగు పూశాయి. బతుకమ్మ అయిపోగానే దసరా. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఊళ్ళల్లో ఆ రోజు జమ్మికి పోతాం. ఊరి బయట పాలపిట్టను చూస్తాం. చూస్తే శుభం అంటారు.

పాలపిట్ట కరెంటు తీగ మీద కూర్చుంటే మట్టి రంగులో కనబడుతుంది. ఎగిరితే రెక్కలు నీలంగా మెరుస్తాయి. మిడతలను, పురుగులను తింటుంది. కూలి అడగకుండా చేనుకు కాపలా కాస్తుంది. చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది. ఎండిన తాటిచెట్టు తొర్ర కూడా దానికి ఇల్లే.

2014లో పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి అయింది.

అక్కలారా! దసరాకు కొందరు దీన్ని పట్టి పంజరంలో పెడతారు. ఎగరకుండా రెక్కలు కట్టేస్తారు. అందరికీ చూపించి డబ్బులు అడుగుతారు. తిండి, నీళ్ళు లేక పిట్టలు చస్తాయి. 1972 వన్యప్రాణుల రక్షణ చట్టం ప్రకారం ఇది నేరం. మనం డబ్బులు ఇస్తేనే వాళ్ళు పడతారు. ఇవ్వకండి. అటవీ శాఖ వాళ్ళకు చెప్పండి.

ఎగిరే పిట్టను చూద్దాం. పిట్టకూ శుభం, మనకూ శుభం.

ఆలోచించండి:
1. మీ ఊళ్ళో పాలపిట్ట ఎక్కడ కనబడుతుంది?
2. పంజరంలో పిట్టను తెస్తే మీ సంఘం ఏం చేయాలి?

రాయండి: పాలపిట్ట, మిడత, తొర్ర, పంజరం.