చలికి లేచే దద్దుర్లు

చన్నీళ్లతో ముఖం కడుక్కున్నా, ఐసుగడ్డ పట్టుకున్నా కొందరికి కొద్ది నిమిషాల్లోనే అక్కడ దద్దుర్లు లేచి దురద పెడుతుంది. చర్మం తిరిగి వెచ్చబడేటప్పుడు అది ఇంకా ఎక్కువవుతుంది. సాధారణంగా గంట, రెండు గంటల్లో తగ్గుతాయి కనుక పైత్యమని ఊరుకుంటారు. ఐస్‌క్రీం తింటే పెదవులు, నాలుక వాచేవారు మాత్రం ఊరుకోకూడదు.

అసలు ప్రమాదం ఈతలో ఉంది. బావిలోకి ఒక్కసారిగా దూకితే ఒళ్లంతా చల్లబడి, బి.పి. పడిపోయి, నీళ్లలోనే స్పృహ తప్పవచ్చు. ఎంత ఈత వచ్చినా అప్పుడు పనికిరాదు. ఇలాంటి పిల్లలను ఒంటరిగా నీళ్లలోకి దిగనివ్వకండి.

డాక్టరుగారు ముంజేతిపై ఐసు 5 నిమిషాలు ఉంచి, తీసిన 10 నిమిషాలకు దద్దురు లేచిందేమో చూస్తారు. దీన్ని ఇంట్లో చేయవద్దు. అలర్జీ మాత్రలతో చాలామందికి అదుపులో ఉంటుంది.

ఆపరేషనుకు వచ్చినప్పుడు ఈ సంగతి నర్సుకు ముందే చెప్పండి. అడిగితే తప్ప ఎవరూ చెప్పరు! చెబితే సెలైను వెచ్చచేసి ఎక్కిస్తాం.