టీకా వేసిన పందికి దగ్గు ఎందుకొస్తుంది?

మంచు పడటం మొదలైతే చాలు, సీమ పందులు పెంచేవాళ్లు అడిగే మాట ఒకటే: "టీకా వేయించాం కదా, మళ్లీ ఈ దగ్గేంటి?" వీడియోలో టూకీగా చెప్పాను, ఇక్కడ కాస్త వివరంగా చూద్దాం.

ముందు ఒక తికమక తీరాలి. స్వైన్ ఫీవర్ వేరు, స్వైన్ ఫ్లూ వేరు. మన దగ్గర పందులకి మామూలుగా వేసేది స్వైన్ ఫీవర్ టీకా. అది ఫ్లూని ఆపదు, అందుకోసం చేసిందీ కాదు. ఫ్లూ వస్తే ఒకటి రెండు రోజుల్లోనే మందలో చాలావాటికి జ్వరం, మేత మానేయడం, కుక్క అరిచినట్టు దగ్గు, ఎగశ్వాస కనిపిస్తాయి. వేరే జబ్బు తోడవకపోతే వారంలో చాలావరకు కోలుకుంటాయి.

మరి ఫ్లూ టీకాయే వేస్తే? అమెరికాలో పందులకి ఆ టీకాలున్నాయి. అక్కడి శాస్త్రవేత్తలు చంపిన హెచ్1ఎన్2 వైరస్‌తో, నూనె కలిపి చేసిన టీకా పందులకి వేసి, తర్వాత 2009 నాటి హెచ్1ఎన్1 సోకించారు. టీకా లేని పందుల కంటే టీకా వేసినవాటికే ఊపిరితిత్తులు ఎక్కువ పాడయ్యాయి! 2013లో కారణం కూడా ప్రచురించారు. టీకా వల్ల పుట్టిన యాంటీబాడీలు కొత్త వైరస్ కాడ భాగానికి అతుక్కున్నాయి గానీ దాన్ని ఆపలేదు. పైగా అది కణంలోకి దూరడానికి సాయపడ్డాయి. తాళం సరిపోకపోగా తలుపు తెరిచినట్టయింది.

ఇది విని "టీకాలే వద్దు" అనుకునే ప్రకృతి రైతులు మనలో ఉన్నారు. నేను ఒప్పుకోను. ఫ్లూ వైరస్ రూపం మారుస్తూ ఉంటుంది, టీకా రకం, వైరస్ రకం కలవనప్పుడే పై ఇబ్బంది. స్వైన్ ఫీవర్ వైరస్ అలా మారిపోదు, దాని టీకా బలహీనపరిచిన బతికున్న వైరస్‌తో చేసింది. అది మానేస్తే మంద మొత్తం పోవచ్చు.

ఫ్లూ విషయంలో మన చేతిలో ఉన్నది షెడ్డే. గాలి ఆడాలి కానీ చలిగాలి నేరుగా పిల్లల మీద కొట్టకూడదు. ఊక తడిసి అమ్మోనియా ఘాటు మన ముక్కుకి తగిలిందంటే పంది ఊపిరితిత్తులకి అప్పటికే దెబ్బ. కొత్త పందుల్ని మూడు వారాలు విడిగా ఉంచండి. ఇంకొకటి, 2009 వైరస్ చాలా దేశాల్లో మనుషుల నుంచే పందులకి పాకింది. కాబట్టి జలుబు, జ్వరం ఉన్నవాళ్లు షెడ్డులోకి వెళ్లొద్దు. తప్పదంటే మాస్కు కట్టుకోండి.

తులసి, పసుపు కషాయం ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, కానీ అది వైరస్‌ని చంపదు. యాంటీబయాటిక్ కూడా చంపదు. జ్వరం మొదలైన రెండు మూడు రోజుల్లోనే డాక్టరు గారితో ముక్కు స్రావం నమూనా తీయించండి, తర్వాత తీస్తే వైరస్ దొరకడం కష్టం. చెవులు, పొట్ట కింద ఊదారంగు మచ్చలు వచ్చినా, వరసగా చనిపోతున్నా అది ఫ్లూ అనుకోకండి. స్వైన్ ఫీవర్ కావచ్చు, ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ కావచ్చు. ఒక్క పందినీ అమ్మకుండా, కదపకుండా వెంటనే పశువుల ఆసుపత్రికి చెప్పండి.