బిడ్డ పలికిన తెలుగునకు మెప్పు

1903లో మద్రాసు నుండి ఫిజీకి తొలి ఓడ సాగినది మొదలు మన పెద్దలు చెరకు తోటలలో తెలుగును నోటితోనే నిలుపుకొనిరి. ఫిజీ విడిచి వెస్ట్‌మీడ్ చేరిన మన ఇండ్లలో నేడు మనుమడు "తాతా, నీల్లు" అనగానే అందరును నవ్వుదురు. నవ్వువారి తెలుగులో ఫిజీ హిందీ మాటలెన్ని లేవు! మరునాడు ఆ బిడ్డ ఇంగ్లీషులోనే అడుగును.

1998లో అమెరికాలో ముల్లర్, డ్వెక్ అను పరిశోధకురాండ్రు ప్రకటించిన ప్రయోగములలో, తెలివిని మెచ్చగా విన్న పిల్లలు కఠినమైన సమస్యలలో ఓడినంతనే నిరుత్సాహపడిరి. శ్రమను మెచ్చగా విన్నవారు పట్టు విడువలేదు. కావున "భళా! తెలుగులోనే అడిగితివి" అని ఆ యత్నమునే పేర్కొని మెచ్చవలెను. పిమ్మట "ఇవిగో నీళ్ళు, నాయనా" అని గ్లాసు అందించిన చాలును, వేరుగ దిద్దనక్కరలేదు.